ఫిజాక్‌లో ఒక శనివారం

2013 ఆగస్టు చివర్లో నాన్న తులూజ్ వచ్చారు. అక్క పురిటికని అమ్మ హైదరాబాద్‌లో ఉండిపోవడంతో ఆయన ఒక్కరే ప్రయాణం చేశారు. ఎయిర్‌పోర్ట్ నుంచి బస్సులో ఇంటికి వస్తుంటే, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని, ఆయన అడిగిన మొదటి మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "ఫిజాక్ ఇక్కడికి ఎంత దూరం అమ్మా?"

నేను అప్పటికి ఏడాదిన్నరగా ఆ ఊళ్లో ఉంటున్నాను. విమానాల విడిభాగాల డిజైన్ పని. మా ప్రాజెక్టులో పదిమంది దాకా తెలుగువాళ్లమే. ఎవరి అమ్మానాన్నలు వచ్చినా పారిస్ తీసుకెళ్లి ఈఫిల్ టవర్ ముందు ఫొటో తీయించడం మా అందరికీ అలవాటు. నేనూ పారిస్ టికెట్లు చూసి పెట్టుకున్నాను. ఫిజాక్ పేరు మాత్రం నేనెప్పుడూ వినలేదు. తులూజ్‌కి ఉత్తరాన, లోట్ జిల్లాలో, సెలే అనే చిన్న నది ఒడ్డున ఉందనీ, రైల్లో రెండున్నర గంటల దారి అనీ ఆ రాత్రి చూసి చెప్పాను. నాన్న డైరీ తీసి అందులో ముందే రాసుకున్న తారీకు చూపించారు. సెప్టెంబరు 14. "శనివారం పడింది. నీకు సెలవేగా?"

ఆ తారీకే ఎందుకని అడిగితే, "అక్కడికి వెళ్లాక చెప్తాను" అన్నారు.

నాన్న భట్టిప్రోలులో హైస్కూలు మాస్టారు. సోషల్ చెప్పేవారు. ఆయన దగ్గర చదివినవాళ్లెవరికైనా పాఠాల కంటే ముందు స్తూపం దిబ్బ గుర్తొస్తుంది. ఏటా ఏడో తరగతి పిల్లల్ని అక్కడికి నడిపించుకుని వెళ్లేవారు. 1892లో అలెగ్జాండర్ రీ అనే ఆయన అక్కడ తవ్వితే రాతి పేటికలు బయటపడ్డాయి. లోపల స్ఫటికపు భరిణెలు, బుద్ధుడివని నమ్మే ధాతువులు (భౌతిక అవశేషాలు), నగలు ఉన్నాయి. పేటికల మీద బ్రాహ్మీ రాతలున్నాయి. ఆ రాతల గురించి చెప్పేటప్పుడు నాన్న గొంతు మారిపోయేది. మట్టిలో పుల్లతో గీసి చూపించేవారు. అశోకుడి శాసనాల్లో ఒట్టి 'క' గుర్తు వేస్తే అది 'క' అనే పలుకుతుంది, అకారం దానిలోనే ఉంటుంది. భట్టిప్రోలులో రాసినవాడు అలా వదిలేయలేదు. అకారానికి కూడా పక్కన ఒక చిన్న గీత పెట్టాడు. "చూశారా, మన తలకట్టు ఆలోచన ఇక్కడే మొదలైంది" అనేవారు నాన్న. పిల్లలం మా నోటుపుస్తకాల్లో తలకట్లు చూసుకుని మురిసిపోయేవాళ్లం. నేనూ ఆ పిల్లల్లో ఉన్నదాన్నే.

శనివారం పొద్దున్నే పులిహోర పొట్లం కట్టుకుని బయల్దేరాం. ఆ రైలు దారి నాకు చాలా ఇష్టమైపోయింది. మొదట ద్రాక్షతోటలు, తర్వాత అవేరాన్ నది వెంట లోయలు, సొరంగాలు, కొండ మీద నజాక్ కోట. రెండు పెట్టెల చిన్న రైలు. నాన్న కిటికీ పక్కన కూర్చుని, "తెనాలి నుంచి రేపల్లె వెళ్లే బండిలా ఉంది. జనమే లేరు పాపం" అన్నారు.

ఫిజాక్ స్టేషన్‌లో దిగి కిందికి నడిస్తే సెలే కనిపిస్తుంది. కృష్ణ ఒడ్డున పెరిగిన మనిషికి అది నదిలా అనిపించదు. మా పంటకాలువ అంత ఉంటుందేమో. నీళ్లు మాత్రం అడుగున రాళ్లు లెక్కపెట్టుకునేంత తేటగా ఉన్నాయి. పాత వంతెన మీద నాన్న చాలాసేపు నిలబడ్డారు. అవతలి గట్టున రాతి ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టు కొండ ఎక్కుతుంటాయి. పైన కొండ కొసన గుడి. వీపున సంచులు, చేతిలో కర్రలు, సంచికి కట్టిన ఆల్చిప్ప గుల్లలతో నలుగురైదుగురు మా పక్కనుంచి నడిచి వెళ్లారు. లె పుయి నుంచి స్పెయిన్‌లోని సాంతియాగో దాకా కాలినడకన వెళ్లే యాత్రికుల దారి ఈ ఊరి మీదుగానే పోతుంది. ఆ గుల్ల వాళ్ల యాత్రకు గుర్తు. సంగతి చెప్పగానే నాన్న వెనక్కి తిరిగి, వాళ్ల వీపుల వైపే నమస్కారం పెట్టారు.

ఊళ్లో ఎక్కడ చూసినా ఆ వేళ పోస్టర్లు. ఫ్రాన్స్ అంతటా ఆ శని, ఆదివారాలు వారసత్వ దినాలు. ఏటా సెప్టెంబరులో జరుపుతారు. మామూలుగా మూసి ఉండే పాత కట్టడాల తలుపులు ఆ రెండు రోజులూ జనానికి తెరుస్తారు. 1984లో మొదలైన ఆనవాయితీ. ఆ ఏడు ఇంకో విశేషం ఉంది. పాత కట్టడాల్ని కాపాడే చట్టం 1913లో వచ్చింది, దానికి నూరేళ్లు నిండాయని ఆ ఏటి ఉత్సవాలు దాని పేరు మీదే చేశారు. పోస్టరు చదివి చెప్పాను. నాన్న "1913" అని ఒకసారి పైకి అనుకుని ఊరుకున్నారు. ఆయన మనసులో ఏం తిరుగుతోందో నాకు తెలుసు. మా దిబ్బ ఇటుకలు బ్రిటిష్ వాళ్ల కాలంలో రోడ్డుకి పోయాయి. స్తూపం పాలరాళ్లు కాలువ లాకు కట్టుబడిలో కలిసిపోయాయి. ఈ సంగతి పిల్లలకు చెప్పిన ప్రతిసారీ ఆయన కాసేపు మాట్లాడకుండా అయిపోయేవారు.

శనివారం ఫిజాక్‌లో సంత. ఊరి మధ్య చౌకులో ఇనుప స్తంభాల పెద్ద షెడ్డు, దాని కిందా చుట్టూ సందుల్లోనూ బల్లలు. మేకపాల చీజ్ చిన్న చిన్న గుండ్రటి బిళ్లలుగా, అక్రోట్లు, తేనె, చిన్న గాజుబుడ్డీల్లో కుంకుమపువ్వు. ఆ కెర్సీ ప్రాంతంలో మధ్యయుగం నుంచి కుంకుమపువ్వు పండించేవారు. మధ్యలో పోయిన పంటని ఇప్పటి రైతులు మళ్లీ తెచ్చుకున్నారు. ఈ సంగతి విని నాన్న ఆ బుడ్డీని పట్టుకుని తిప్పితిప్పి చూశారు. రేటు విని మెల్లగా కింద పెట్టేశారు. అక్రోట్లు మాత్రం ఒక కిలో కొన్నాం.

ఆ సందుల్లో తల పైకెత్తుకుని నడవాలి. 12, 13 శతాబ్దాల నాటి ఇళ్లు, లేత పసుపు ఇసుకరాయి, కింద అంగడికి కమాను గుమ్మాలు, పైన జంట కిటికీలు. అన్నిటికంటే పై అంతస్తుకి గోడలుండవు. స్తంభాల మీద కప్పు నిలబడి, చుట్టూ గాలి ఆడుతుంటుంది. ఆ ప్రాంతపు ఆక్సితాన్ భాషలో దాన్ని 'సొలెయో' అంటారు. సూర్యుడి పేరు మీద వచ్చిన మాట. బట్టలు, తోళ్లు, పళ్లు, ధాన్యం అన్నీ అక్కడే ఆరబెట్టుకునేవారట. టూరిస్ట్ ఆఫీసావిడ చెప్పినదాన్ని నేను తెలుగులో చెబుతుంటే నాన్న మొహం వెలిగిపోయింది. "మిరపకాయలూ వడియాలూ ఆరబెట్టుకునే మేడ అన్నమాట!" వర్షాలు ఎక్కువుండే చోట కప్పు వేసుకున్నారు, మన దగ్గర ఎండ ఎక్కువ కాబట్టి వేసుకోలేదు, తేడా అంతేనని మేష్టారిలాగే తేల్చేశారు. ఆ తర్వాత ప్రతి ఇంటి ముందూ ఆగి, పైన మేడ ఉందా లేదా అని చూడటమే పని. పదిహేడు లెక్కపెట్టాం.

ఈ ఊరు ఒక మఠం చుట్టూ పెరిగింది. 9వ శతాబ్దంలో బెనెడిక్టీన్ సన్యాసులు సెలే ఒడ్డున మఠం కట్టుకుంటే, యాత్రికుల రాకపోకలతో వ్యాపారులు చేరారు, ఆ వ్యాపారుల డబ్బే ఈ రాతి మేడలైంది. మఠం గుడిలోకి కూడా వెళ్లాం కానీ నాన్న కాళ్లు అక్కడ నిలవలేదు. "ఇల్లెక్కడ?" అని రెండుసార్లు అడిగారు.

ఇల్లంటే ఝాన్ ఫ్రాన్సువా షాంపోలియన్ పుట్టిన ఇల్లు. 1790 డిసెంబరు 23న పుట్టాడు. ఈజిప్టు చిత్రలిపిని పధ్నాలుగు వందల ఏళ్ల తర్వాత మళ్లీ చదివిన మనిషి. తండ్రి పుస్తకాల వ్యాపారి. ఆ ఇల్లు ఇప్పుడు ప్రపంచ లిపుల మ్యూజియం.

కానీ ఇంటి కంటే ముందు, దాని వెనక, నాలుగు పాత గోడల మధ్య ఉన్న ఒక ఖాళీ చోటికి దారి తీశాం. కమాను కింద నుంచి లోపలికి అడుగుపెట్టబోయి నాన్న ఠక్కున ఆగిపోయారు. నేలంతా ఒకటే నల్లరాయి. చిత్రలిపి చదవడానికి దారి చూపిన రోజెట్టా రాయిని పద్నాలుగు మీటర్ల పొడవు, ఏడు మీటర్ల వెడల్పు చేసి నేల మీద పరిచారు. జోసెఫ్ కోసుత్ అనే అమెరికన్ కళాకారుడు షాంపోలియన్ పుట్టి రెండొందల ఏళ్లయిన సందర్భంగా చేశాడు. 1991లో పూర్తయింది. జింబాబ్వే నుంచి తెచ్చిన నల్ల గ్రానైట్. అసలు రాయి లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, మనిషి నడుం ఎత్తు కంటే కాస్త ఎక్కువుంటుందంతే. ఇక్కడ ఒక్కో అక్షరం అరచేయంత ఉంది. పైన చిత్రలిపి, మధ్యలో డెమోటిక్ అనే ఈజిప్టు వాడుక రాత, కింద గ్రీకు. ఒకే సంగతి మూడు లిపుల్లో.

జనం దాని మీద నడుస్తున్నారు. అది అందుకోసమే చేసింది. పిల్లలు ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెడుతున్నారు. ఒకమ్మాయి రాయి మీద కూర్చుని శాండ్‌విచ్ తింటోంది.

"అక్షరాలమ్మా" అన్నారు నాన్న.

ఆయన సంగతి నాకు తెలియనిది కాదు. ఇంట్లో న్యూస్‌పేపరు మీద పొరపాటున కాలు పడితే వంగి తాకి కళ్లకద్దుకునే మనిషి. చిత్తుకాగితం మీద కూడా అక్షరముంటే చెప్పులు తుడవనిచ్చేవారు కాదు. సరస్వతిని తొక్కుతామా అనేవారు. నేను ఏదో సర్దిచెప్పబోయాను. అది బొమ్మలాంటిదే నాన్నా, నడవడానికే పెట్టారు అని. ఆయన వినిపించుకోలేదు. గోడ పక్కనున్న ఖాళీ అంచు మీద, ఒక పాదం వెనక ఒక పాదం వేసుకుంటూ, చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. గుళ్లో ప్రదక్షిణం చేస్తున్నట్టే ఉంది. మధ్యమధ్యలో ఆగి తొంగి చూస్తున్నారు. ఆయనకు కావలసింది రాయి మధ్యలో ఉంది. పేరు చుట్టూ గీసిన తాడు ఆకారం, కార్టూష్ అంటారు. అంచు నుంచి కనిపిస్తుంది కానీ చెయ్యందదు.

కాసేపు అలాగే నిలబడి, చివరికి బూట్లు విప్పారు. మేజోళ్లు కూడా తీసి బూట్లలో దోపి, గోడ పక్కన పెట్టారు. వంగి రాతి అంచుని తాకి కళ్లకద్దుకున్నారు. అప్పుడు వెళ్లారు, గీతల మధ్య ఖాళీ చూసుకుంటూ, వేళ్ల మీద.

పరిగెడుతున్న పిల్లాడొకడు ఆగిపోయి వాళ్లమ్మని అడిగాడు, ఆయన బూట్లెందుకు విప్పారని. ఆవిడ నా వైపు చూసింది. మా దగ్గర అక్షరాల మీద కాలు పెట్టరు, దేవతగా చూస్తారని నాకొచ్చిన ఫ్రెంచ్‌లో చెప్పాను. ఆవిడ పిల్లాడికి ఏదో చెప్పింది. వాడు కొంచెంసేపు నాన్ననే చూసి, తర్వాత రాయి దిగి అంచు మీదే నడుచుకుంటూ వెళ్లాడు.

నాన్న నన్ను పిలిచారు. నేనూ చెప్పులు విప్పి వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆ ఎండలో రాయి వెచ్చగా ఉంది.

"ఇదిగో, టాలెమీ" అన్నారు, తాడు లోపలి గుర్తుల మీద వేలు ఆనించి. "ఈ చదరం ప. ఈ అరచందమామ, రొట్టెముక్క, త. ఈ ముడి ఒ. పడుకున్న సింహం ల. ఇది మ. ఈ రెండు రెల్లు ఆకులు ఇ. ఈ వంకీ స. ప్తొల్మిస్."

ఇంటర్నెట్టు లేని రోజుల్లో ఎక్కడో లైబ్రరీ పుస్తకంలో చూసి రాసుకున్నది. ముప్పై ఏళ్లు క్లాసులో బల్లమీద గీసి చెప్పింది. ఈ రాతి మీద వేలు పెట్టి చదవడం అదే మొదటిసారి. మళ్లీ చదివారు, ఈసారి మెల్లగా.

తర్వాత పాఠం చెప్పారు. నేను ఏడో తరగతిలో విన్నదే. రాజుల పేర్లు ఏ భాషలోనైనా పేర్లే కాబట్టి ముందు వాటిని పట్టుకోవాలి. టాలెమీ దొరికాక ఇంకో శిలాస్తంభం మీద క్లియోపాత్రా పేరు దొరికింది. రెండు పేర్లలోనూ ప, ఒ, ల ఉన్నాయి. అవి సరిపోయాయి. కానీ అవి గ్రీకు రాజవంశం పేర్లు. పరాయి పేర్లకే అక్షరాలు వాడారేమో, అసలు ఈజిప్టు వాళ్ల సొంత రాత వేరేమోనని అందరికీ అనుమానం. ఇంగ్లండులో థామస్ యంగ్ కొన్ని గుర్తులు సరిగ్గానే పోల్చుకున్నాడు కానీ అక్కడ ఆగిపోయాడు. షాంపోలియన్‌కి చిన్నప్పటి నుంచి కాప్టిక్ భాష వచ్చు. ఈజిప్టు క్రైస్తవుల ప్రార్థనల్లో మిగిలిన పాత ఈజిప్టు భాష అది. అబూ సింబెల్ గుడి నుంచి ఎవరో గీసి తెచ్చిన బొమ్మలో ఒక పేరు చూశాడు. మొదట సూర్యబింబం. చివర రెండు స-లు. కాప్టిక్‌లో సూర్యుణ్ని 'రే' అంటారు. మధ్య గుర్తు 'మ' అనుకుంటే? రామ్సెస్. గ్రీకులు రాకముందటి ఈజిప్టు రాజు పేరు.

"1822 సెప్టెంబరు 14" అన్నారు నాన్న. "దొరికిన రోజు అదేనని చెప్తారు. కాగితాలు పట్టుకుని పరిగెత్తుకుంటూ వాళ్లన్నయ్య పనిచేసే చోటికి పోయి, దొరికింది అని అరిచి, అక్కడికక్కడే పడిపోయాడట. ఐదు రోజులు మంచం దిగలేదు. 27న అకాడమీలో చదివాడు. నూట తొంభై ఒక్క ఏళ్లు ఇవాళ్టికి."

డైరీలో తారీకు రహస్యం అదీ. ఐదు రోజుల సంగతి నిజమో కథో నాకు తెలియదు, నాన్న మాత్రం మనసారా నమ్మారు.

అక్కడే ఇంకో మాట కూడా చెప్పారు. అది నాకు ఎప్పుడూ చెప్పలేదు. రోజెట్టా రాయి ఈజిప్టులో దొరికింది 1799 జులైలో. ఆ మరుసటి నెలలోనే ఇంగ్లండులో జేమ్స్ ప్రిన్సెప్ పుట్టాడు. మన బ్రాహ్మీ లిపిని 1837లో చదివింది ఆయనే. సాంచీ స్తూపం కంచె మీద చిన్న చిన్న రాతలన్నీ ఒకే రెండు అక్షరాలతో ముగుస్తుంటే, ఇవి భక్తులు ఇచ్చిన కానుకలు అయ్యుంటాయి, ఆ మాట 'దానం' అయ్యుంటుందని ఊహించాడు. ఆ మాటతో తాళం తెరుచుకుంది. షాంపోలియన్ 41 ఏళ్లకే పోయాడు, ప్రిన్సెప్ 40 ఏళ్లకే. "ఇద్దరికీ ఆయుష్షు లేదమ్మా" అన్నారు నాన్న, దగ్గరి చుట్టాల గురించి చెప్పినట్టు.

మ్యూజియం గురించి తక్కువే చెబుతాను. ఇంటి ముందు గోడ పాతది అలాగే ఉంచి, లోపలి వైపు రాగిరేకులో వెయ్యి అక్షరాలు చెక్కిన ఇంకో గోడ కట్టారు. 2007లో మ్యూజియాన్ని పెద్దది చేసినప్పుడు వచ్చింది. లోపల నిలబడితే ఆ అక్షరాల సందుల్లోంచే వెలుగు. సుమేరు మట్టిపలకల నుంచి అచ్చు యంత్రం దాకా గది తర్వాత గది. అక్కడ నాన్న నడక మారిపోయింది. చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కో అద్దాల పెట్టె ముందు నిలబడి, నేను చదివిపెట్టేదాకా కదలకుండా. మూడు గంటలు పట్టింది. నాకు కాళ్లు పీకాయి, ఆయనకు కాదు.

షాంపోలియన్ గదిలో ఆయన చిన్నతనం గురించి చెబుతుంటే మాత్రం ఒక చోట నన్ను ఆపారు. తల్లికి చదవడం రాదట. ప్రార్థనలన్నీ ఆవిడకు నోటికి వచ్చు. ఐదేళ్ల పిల్లాడు ఆవిడ నోట విన్న ప్రార్థనలను పుస్తకంలో అచ్చుతో పోల్చుకుంటూ, ఎవరూ నేర్పకుండానే చదవడం నేర్చుకున్నాడని చెబుతారు.

"ఇంకోసారి చెప్పు" అన్నారు నాన్న. చెప్పాను.

మధ్యాహ్నం దాటాక సెలే ఒడ్డున చెట్టు కింద కూర్చుని పులిహోర తిన్నాం. నీళ్లకు అడ్డంగా ఉన్న చిన్న ఆనకట్ట మీది నుంచి నది సన్నగా దూకుతోంది. ఒకప్పుడు ఇక్కడ తోళ్లు శుద్ధి చేసేవాళ్లు, మిల్లులు ఉండేవి. ఇప్పుడు బాతులున్నాయి. నాన్న చేయి కడుక్కుని వచ్చి చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నారు. తర్వాత నీళ్ల వైపే చూస్తూ మొదలుపెట్టారు.

"నాకు చదవడం నేర్పింది మీ పెదనాన్న."

నేను ఆశ్చర్యపోయాను. పెదనాన్న మూడో తరగతిలోనే బడి మానేశారు. సంతకం చేయడానికి కూడా ఆయన పెన్నుని నాగలిలా పట్టుకునేవారు. మా ఇంట్లో చదువు నాన్నది, వ్యవసాయం పెదనాన్నది. అదే నాకు తెలిసిన కథ.

తాతయ్య పోయేనాటికి నాన్నకు ఆరేళ్లు, పెదనాన్నకు పదిహేను. రామాలయంలో భజనకు వెళ్లి పెదనాన్న పద్యాలన్నీ విని నేర్చుకునేవారు. రాత్రిళ్లు పాకలో, బుడ్డి దీపం దగ్గర, గుడి నుంచి అడిగి తెచ్చిన పద్యాల పుస్తకం తమ్ముడి ముందు పెట్టి, తను కళ్లు మూసుకుని పాడేవారు. తమ్ముడు వేలు పెట్టి అక్షరాల వెంట పోవాలి. పాట ఆగితే వేలు ఆగాలి. ఎక్కడైనా తేడా వస్తే మళ్లీ మొదటి నుంచి. "అన్నయ్యకి పద్యం తెలుసు, అక్షరం తెలీదు. నాకు ఏదీ తెలీదు. రెండు నెలల్లో నాకు అక్షరాలు వచ్చేశాయి. బళ్లో మాస్టారు చూసి నేరుగా రెండో క్లాసులో కూర్చోబెట్టారు."

తర్వాత గుంటూరులో కాలేజీ. నెలనెలా మనియార్డరు. మనియార్డరు ఫారం మీద రాయడానికి ఉండే కాస్త చోటునీ పెదనాన్న ఖాళీగానే పంపేవారట. ఎవరి చేతనైనా రాయించవచ్చు కదా అని అడిగితే, "నా మాట వేరేవాళ్ల చేతిరాతలో నీకెందుకురా" అన్నారట.

నాన్న మ్యూజియంలో చదివించుకున్న ఇంకో సంగతి కూడా అప్పుడు ఎత్తారు. షాంపోలియన్ అన్నయ్య ఝాక్ జోసెఫ్, తమ్ముడి కంటే పన్నెండేళ్లు పెద్ద. పదేళ్ల తమ్ముణ్ని గ్రెనోబుల్‌కి పిలిపించుకుని చదివించింది ఆయనే. తమ్ముడు పోయాక, అతను రాసి వదిలిన ఈజిప్టు వ్యాకరణాన్నీ నిఘంటువునీ అచ్చు వేయించింది కూడా ఆయనే. "ఈయన పేరు ఊరంతా ఉంది. ఆయన పేరు ఎక్కడన్నా చూశావా?" అని అడిగారు నాన్న. మ్యూజియంలో తప్ప నాకు ఎక్కడా కనిపించలేదు. ఆయన తన పేరు చివర ఈ ఊరి పేరు కలుపుకుని షాంపోలియన్-ఫిజాక్ అని రాసుకునేవాడని చెప్పాను. ఆ మాట నాన్నకు నచ్చింది. "ఊరిని పేరులో పెట్టుకున్నాడు" అన్నారు.

రైలుకింకా గంటన్నర ఉంది. నాన్న సంత పక్కన దుకాణానికి వెళ్లి పోస్టుకార్డు కావాలన్నారు. సెలే నది, వంతెన, వెనక ఇళ్లు ఉన్నది ఎంచుకున్నారు. అడ్రస్ నా చేత ఇంగ్లీషులో రాయించారు. ఎడమ పక్కన ఏం రాస్తారో అని చూస్తుంటే, బల్ల మీద కార్డు పెట్టుకుని, ముందు వేరే కాగితం మీద రెండుసార్లు గీసి చూసుకుని, తర్వాత కార్డు మీద నాలుగు గుర్తులు వేశారు. నాలుగే.

"అన్నయ్యకు" అన్నారు. "ఆ కాలం ప్రాకృతంలో ఒత్తులు రాయరు. అందుకని అ-న-య-కు. న-కీ య-కీ మన భట్టిప్రోలు పద్ధతిలో గీతలు పెట్టాను."

"పెదనాన్నకి ఎలా అర్థమవుతుంది నాన్నా?"

"అర్థం కాకపోతే నేనెళ్లాక చెప్తాను."

పసుపురంగు పోస్టుపెట్టెలో కార్డు వేసి, పెట్టెని ఒకసారి తట్టి, స్టేషన్ వైపు నడిచారు.

నాన్న ఇండియా వెళ్లడానికి రెండు రోజుల ముందే కార్డు ఊరు చేరిందట. పోస్ట్‌మాన్ తెచ్చి ఇస్తూ, ఇదేం భాష మామా అని అడిగాడట. ఫ్రెంచ్ అయ్యుంటుందని అన్నయ్య, అంటే పెదనాన్న కొడుకు, అన్నాడట. పెదనాన్న కార్డు తీసుకుని అరుగు మీద వెలుతురులో పెట్టుకుని చాలాసేపు చూసి, "ఫ్రెంచూ కాదు, ఏం కాదు. ఇది మన దిబ్బ రాత" అన్నారట. చివరి గుర్తుని చూసి పోల్చుకున్నారు. బ్రాహ్మిలో 'క' అంటే ప్లస్ గుర్తులా ఉండే గీత. నాన్న ఎన్నోసార్లు పొలం గట్టు మీద పుల్లతో గీసి చూపించి ఉంటారు. ఆయన వింటున్నారనీ, గుర్తుపెట్టుకున్నారనీ మాకెవరికీ తెలియదు. "కిందికి ఏదో తగిలించాడు కాబట్టి కు. నాకు రాసినప్పుడు చివర కు అంటే ముందు అన్నయ్య కాక ఇంకేముంటుంది?"

ఇదంతా ఆ రాత్రి ఫోన్‌లో అన్నయ్య చెబుతుంటే స్పీకర్ పెట్టాను. నాన్న వింటూ వింటూ లేచి బాల్కనీలోకి వెళ్లిపోయారు. కాసేపు నేను వెనకాల వెళ్లలేదు.

నాన్న 2019లో పోయారు. పెదనాన్న ఆ తర్వాత రెండేళ్లకు. పెదనాన్న దేవుడి గూటిలో పటాల వెనక దొరికిందని అన్నయ్య కిందటి సంక్రాంతికి ఆ కార్డు నా చేతికిచ్చాడు. పసుపూ కుంకుమా అంటుకుని, సెలే నీళ్ల రంగు వెలిసిపోయి ఉంది. వెనక్కి తిప్పితే నాన్న వేసిన నాలుగు గుర్తులు నీలం ఇంకులో చక్కగా, వరసగా ఉన్నాయి. వాటి కింద బాల్‌పెన్నుతో, కార్డు అవతలి వైపు కూడా తడిమితే తెలిసేంత గట్టిగా నొక్కి, ఎవరో అవే నాలుగింటిని మళ్లీ దిద్దారు. మొదటి మూడూ వంకర. కు మాత్రం సరిగ్గా ఉంది.